తూకం నాటి బరువు, బౌట్ నాటి బరువు: ధర్మాబాద్‌లో మా అమ్మాయి వెళ్తున్న బాక్సింగ్ శిక్షణ కేంద్రం

నాందేడ్ జిల్లా ధర్మాబాద్‌లో మా అమ్మాయి రెండేళ్లుగా బాక్సింగ్ నేర్చుకుంటున్న శిక్షణ కేంద్రం గురించి రాస్తున్నాను. అక్కడికి వచ్చేవాళ్లంతా బడి పిల్లలు కనుక కేంద్రం పేరు, శిక్షకుని పేరు ఇవ్వడం లేదు. మా ఊరివాళ్లకు పేరు అవసరం లేదు. బాసర నుంచో, నిజామాబాద్ నుంచో పిల్లల్ని చేర్చాలనుకునేవాళ్లకు ఊళ్లో ఎవరిని అడిగినా దారి చూపిస్తారు. రింగు, ఫీజు, వేళలు వగైరా సంగతులు చివర్లో చెబుతాను. ముందుగా, ఎక్కువగా రాయదలచింది పోటీకి ముందు బాక్సర్ల బరువు చూసే తూకం గురించి. ఈ కేంద్రంలో నాకు కష్టం కలిగించినది, తరువాత గౌరవం కలిగించినది రెండూ అదే.

నాది మిరప వ్యాపారం. మా ఊరి మిరప పేరు మరాఠీవాళ్లకూ తెలుగువాళ్లకూ తెలిసిందే. కాంటా దగ్గర ముప్పై ఏళ్లు నిలబడినవాడికి మొట్టమొదట అబ్బే విద్య తేమను కనిపెట్టడం. నీళ్లు చల్లిన బస్తా చేతికి మెత్తగా తగులుతుంది, కాయ విరిచినప్పుడు చప్పుడు రాదు. ఎండిన సరుకుకు ఒక ధర, తడిసిన సరుకుకు ఒక ధర ఎందుకంటే, కాంటా మీద నిలిచిన అంకె సరుకుది ఎంతో నీటిది ఎంతో విడదీసి చెప్పదు. బాక్సింగ్ తూకం గురించి తెలుసుకున్న కొద్దీ నాకు ఈ సంగతే పదే పదే గుర్తుకు వచ్చింది. అక్కడ జరిగేది మా యార్డులో జరిగే మోసానికి సరిగ్గా తిరగేసిన పని: తూకానికి ముందు ఒంటిని ఎండబెడతారు, తూకం ముగిశాక నీళ్లు పోస్తారు.

మా అమ్మాయి ఈ ఆటలోకి రావడానికి కారణం నిజామాబాద్ నిఖత్ జరీన్. 2022 మే నెలలో ఇస్తాంబుల్‌లో ఆమె 52 కిలోల విభాగంలో ప్రపంచ విజేత అయినప్పుడు మా ఇంట్లో టీవీ చుట్టూ గుమికూడాము. గోదావరికి అవతలి ఒడ్డున ఉన్న ఊరి అమ్మాయి గెలిస్తే అది మా ఇంటి గెలుపులాగే అనిపించింది. ఆ మరుసటి ఏడాది ఢిల్లీలో 50 కిలోల విభాగంలో ఆమె మళ్లీ గెలిచింది. ఆ వార్త చదివినప్పుడు 52 నుంచి 50కి దిగడం అంటే ఏమిటో నేను ఆలోచించలేదు. రెండు కిలోలంటే మా దుకాణంలో తరుగు కింద కొట్టేసే బరువు.

ఆ రెండు కిలోలు ఎంత పెద్దవో పోయిన ఏడాది వేసవి మొదట్లో తెలిసింది. మరో ఊరి శిక్షణ కేంద్రంతో స్నేహపూర్వక బౌట్లు, అంటే ఇద్దరిద్దరు తలపడే పోటీలు, ఏర్పాటు చేశారు. అప్పటికి మా అమ్మాయికి పదిహేనేళ్లు, మామూలు బరువు 54 కిలోలు. అవతలి వైపు ఆ వయసు అమ్మాయి ఒక్కతే ఉంది, ఆమె 50 కిలోల విభాగంలో ఆడేది. ఇద్దరికీ జోడీ కుదరడానికి మధ్యస్థంగా 52 కిలోలు ఖాయం చేశారు. దీన్నే క్యాచ్‌వెయిట్ అంటారు: నిర్ణీత విభాగాల హద్దును పక్కన పెట్టి, ఇరుపక్షాలు మాట్లాడుకొని ఒప్పుకున్న బరువు. తూకం ముందురోజు సాయంత్రం ఆరు గంటలకు అన్నారు. వినడానికి న్యాయంగానే ఉంది, ఇద్దరూ చెరి రెండు కిలోలు జరుగుతున్నట్టు కనిపిస్తుంది. నేను కూడా సరేనన్నాను. ఆ సరేనన్నందుకు నేను ఈనాటికీ బాధపడుతున్నాను.

జరిగింది ఇది. అవతలి అమ్మాయి చేయవలసింది ఏమీ లేదు, మామూలుగా తిని వచ్చి నిలబడితే చాలు. మా అమ్మాయి మాత్రం ఐదు రోజులు అన్నం మానేసింది, చివరి రెండు రోజులు ఉప్పు మానేసింది, మధ్యాహ్నం ఎండలో రెయిన్‌కోటు తొడుక్కొని పరుగెత్తింది, తూకం రోజు ఉదయం నుంచి మంచినీళ్లు ముట్టలేదు. మా ఆవిడ మొదటి రోజే వద్దంది. నెలసరి దగ్గరపడ్డ రోజుల్లో ఒంట్లో నీరు నిలిచి బరువు పెరగడం మామూలు కదా, ఈ వారంలో తగ్గించడమేమిటని అడిగింది. నేను వినలేదు, శిక్షకుడు అడగలేదు. సాయంత్రం కాంటా 51.9 చూపింది, అందరం చప్పట్లు కొట్టాము. రాత్రి ఆ పిల్ల లీటర్ల కొద్దీ నీళ్లు తాగింది, రెండు పూటలా కడుపు నిండా తినింది. మరునాడు రింగు ఎక్కడానికి ముందు, నాకే అనుమానం వచ్చి, దుకాణానికి తీసుకువెళ్లి తూచాను. 54.3. అవతలి అమ్మాయి ఆ రోజు 51 దాటి ఉండదు. కాగితం మీద ఇద్దరి బరువు 52 లోపే, గంట మోగేటప్పటికి మూడు కిలోలకు పైగా తేడా.

బౌట్ మా అమ్మాయే గెలిచింది. రెండో రౌండులో అవతలి అమ్మాయి ముక్కు నుంచి రక్తం వచ్చింది, రెఫరీ ఆపేశారు. ఆ అమ్మాయి తండ్రి నా దగ్గరకు వచ్చి చేయి కలిపి, మీ పాప చేతిలో బలం ఉంది అన్నాడు. ఆ బలంలో ఎంత పాపదో, ఎంత రాత్రి తాగిన నీళ్లదో నాకు తెలుసు, ఆయనకు తెలియదు. ఆ రాత్రి మా అమ్మాయికి పిక్కలు పట్టేసి, కడుపులో మెలిపెట్టి, తెల్లవార్లూ ఏడ్చింది. గెలిచిన పిల్లా బాధపడింది, ఓడిన పిల్లా బాధపడింది. ఇద్దరికీ న్యాయం అని పెట్టుకున్న ఒప్పందం ఒక్కరికీ న్యాయం చేయలేదు.

ఆ తరువాత ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో ఈ పద్ధతి ఎలా నడుస్తుందో శ్రద్ధగా చదివాను. ఒకప్పుడు అక్కడ పోటీ రోజు ఉదయమే తూచేవారు. 1982లో దక్షిణ కొరియా బాక్సర్ కిమ్ దుక్ కూ రింగులో తగిలిన దెబ్బల వల్ల మరణించాక ప్రపంచ టైటిల్ పోటీలు 15 రౌండ్ల నుంచి 12కు తగ్గడం మొదలైంది. తూకం ముందురోజుకు జరిగింది కూడా ఆ దశకంలోనే. ఎండిన ఒంటితో రింగు ఎక్కకుండా నీరు తిరిగి పట్టడానికి వ్యవధి ఇవ్వాలన్నది ఉద్దేశం. ఉద్దేశం మంచిదే. అయితే వ్యవధి ఇచ్చిన కొద్దీ అంతకంటే ఎక్కువ ఎండబెట్టుకునే ధైర్యం వచ్చింది. కండరంలో దాచుకున్న పిండిపదార్థం ఒక్కో గ్రాముకు మూడు గ్రాముల దాకా నీటిని పట్టి ఉంచుతుంది కనుక, తిండి మానేసి, చెమట పట్టించి ఒకటి రెండు రోజుల్లో కిలోలు దించవచ్చు. మరునాటికి చాలావరకు తిరిగి ఎక్కించుకోవచ్చు. కానీ కాంటా మీద తిరిగి వచ్చిన బరువంతా ఒంట్లో ప్రతి చోటికీ తిరిగి చేరినట్టు కాదు. నీరు తగ్గిన స్థితిలో తలకు తగిలే దెబ్బ మరింత ప్రమాదకరమని వైద్యులు భయపడేది అందుకే.

2000 ఫిబ్రవరిలో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఆర్టురో గాటీ, జోయి గమాష్ తలపడ్డారు. ఒప్పుకున్న హద్దు 141 పౌండ్లు, అంటే దాదాపు 64 కిలోలు. పోటీ రాత్రి గాటీ 160 పౌండ్ల దాకా ఉన్నాడు, 72 కిలోలు దాటి. గమాష్ 145. రెండో రౌండులోనే గమాష్ కుప్పకూలాడు, మెదడుకు గాయమైంది, మళ్లీ రింగు ఎక్కలేదు. తూకం సరిగా నిర్వహించలేదని ఆయన పోటీలను పర్యవేక్షించే న్యూయార్క్ రాష్ట్ర కమిషన్ మీద దావా వేస్తే, 2010లో న్యాయమూర్తి తూకంలో నిర్లక్ష్యం జరిగిందని ఒప్పుకున్నారు కానీ పరిహారం మాత్రం దక్కలేదు. ఈ ఉదంతం చదివిన రోజు నేను దుకాణం తెరవలేకపోయాను. మా అమ్మాయి ఎదుట నిలబడ్డ ఆ బక్కపలుచని పిల్లే కళ్ల ముందు మెదిలింది.

క్యాచ్‌వెయిట్ తప్పని నేను అనడం లేదు. విభాగాల మధ్య ఉన్న ఇద్దరు ఒకరితో ఒకరు తలపడాలంటే ఏదో ఒక చోట కలవాలి. అయితే ఆ కలిసే చోటు ఎవరు నిర్ణయిస్తున్నారన్నది చూడాలి. 2009లో మిగెల్ కోటో తన 147 పౌండ్ల టైటిల్‌ను కాపాడుకోవడానికే మానీ పాకియావోతో 145 దగ్గర తలపడవలసి వచ్చింది. 2013లో 154 పౌండ్ల విజేత కనేలో అల్వారెజ్‌ను ఫ్లాయిడ్ మేవెదర్ 152కి దించాడు. పేరూ డబ్బూ ఎక్కువ ఉన్నవాడి వైపే ముల్లు మొగ్గుతున్నదని రెండు చోట్లా స్పష్టంగా కనిపిస్తుంది. మా యార్డులో పెద్ద కొనుగోలుదారు తరుగు నిర్ణయిస్తే రైతు తల ఊపడం లాంటిదే ఇది. ఒప్పందం అంటారు, సంతకాలూ ఉంటాయి.

తూకం తరువాత ఎంత పెరగవచ్చో హద్దు పెట్టే నిబంధన, అంటే రీహైడ్రేషన్ నిబంధన, దీనికి మందని కొందరంటారు. ప్రపంచ టైటిళ్లు ఇచ్చే సంస్థల్లో ఒకటైన ఐబీఎఫ్ తన టైటిల్ పోటీల్లో ఏళ్ల తరబడి రెండో రోజు ఉదయం మళ్లీ తూచి, విభాగం హద్దు మీద 10 పౌండ్లకు, అంటే నాలుగున్నర కిలోలకు, మించకూడదంటూ వచ్చింది. అలాంటిదే మరో సంస్థ డబ్ల్యూబీసీ, పోటీకి 30 రోజుల ముందు హద్దు మీద పది శాతానికి, 7 రోజుల ముందు ఐదు శాతానికి మించకుండా చూస్తుంది. అందరికీ ఒకే తీరున వర్తించే ఇలాంటి నియమం నాకు సబబుగా తోస్తుంది. ఇద్దరి మధ్య బేరంగా రాసుకునే నిబంధన అలా కాదు. 2023 ఏప్రిల్‌లో గెర్వాంటా డేవిస్, ర్యాన్ గార్సియా 136 పౌండ్ల క్యాచ్‌వెయిట్ దగ్గర తలపడినప్పుడు, పోటీ రోజు ఉదయం 146 దాటకూడదన్న షరతు ఇద్దరికీ ఉన్నా, దాని బరువు మోసింది పెద్ద ఒళ్లున్న గార్సియానే. ఏడో రౌండులో డొక్కలో తగిలిన దెబ్బకు ఆయన లేవలేదు. షరతు వల్లే ఓడాడని నేను అనను. డేవిస్ ఆ రోజు చాలా బాగా ఆడాడు. 2025 ఏప్రిల్‌లో లండన్‌లో క్రిస్ యూబ్యాంక్ జూనియర్ 160 పౌండ్ల హద్దును 0.05 పౌండ్లు, అంటే పాతిక గ్రాములు కూడా కాని తేడాతో దాటినందుకు 3,75,000 బ్రిటిష్ పౌండ్ల డబ్బు జరిమానా కట్టాడు. మరునాటి ఉదయానికి 170 దాటకూడదన్న షరతు కూడా ఆయనకు ఉంది. చిన్న విభాగం నుంచి పైకి వచ్చిన కానర్ బెన్‌ను గెలిచాడు కానీ, అటునుంచి ఆసుపత్రికి వెళ్లాడు. ఎండబెట్టుకోవద్దు అని చెప్పవలసిన చోట, ఎండబెట్టుకున్నాక నీళ్లు తాగొద్దు అని చెప్పే నియమం ప్రమాదాన్ని తగ్గిస్తుందా పెంచుతుందా అన్నది నా మనసులో మెదులుతూనే ఉంది.

మరి పోటీ రోజు ఉదయమే తూచితే సరిపోతుందా? ఒలింపిక్ పద్ధతి అదే. మన నిఖత్ 2024 పారిస్‌లో 50 కిలోల విభాగంలో దిగింది, ఎందుకంటే అక్కడ మహిళలకు 50 తరువాత ఉన్నది 54. రెండో బౌట్‌లోనే చైనా క్రీడాకారిణి వూ యు చేతిలో ఓడాక, రెండు రోజులు తిండి లేదని, తూకం అయ్యేదాకా నీళ్లు కూడా తాగలేదని, కోలుకోవడానికి సమయం చిక్కలేదని ఆమె చెప్పింది. అదే పారిస్‌లో ఆరు రోజుల తరువాత, కుస్తీలో వినేశ్ ఫోగట్ రాత్రంతా కష్టపడినా 100 గ్రాములు ఎక్కువ తూగి ఫైనల్ పోగొట్టుకుంది. తూకానికీ పోటీకీ మధ్య వ్యవధి తగ్గిస్తే మోసం తగ్గుతుంది, ఎండబెట్టుకునేవాళ్లకు శిక్ష పెరుగుతుంది. కనుక అసలు ఎండబెట్టుకోవడమే లేని విభాగంలో పిల్లను దించడం తప్ప వేరే దారి నాకు కనిపించడం లేదు.

ఇదంతా పట్టుకొని శిక్షకుని దగ్గరకు వెళ్లాను. గొడవ పడడానికే వెళ్లాను, నిజం చెప్పాలి. ఆయన బిలోలి వైపు తెలుగు మనిషి, నాకంటే పదేళ్లు చిన్న. నేను చెప్పినదంతా విని, “అన్నా, నాకు కూడా మా సర్ ఇట్లనే నేర్పిండు. తప్పని తెలియక చేసిన. మళ్లీ కానియ్యను” అన్నాడు. ఇలాంటి మాట చాలామంది అంటారు. ఆయన చేసి చూపించాడు. ఇప్పుడు ఈ కేంద్రంలో బౌట్‌కు గంట ముందు, రింగు పక్కనే, ఇద్దరు పిల్లల తల్లిదండ్రుల ఎదుట తూస్తారు. ఇద్దరి మధ్య తేడా కిలోన్నర దాటితే బౌట్ ఉండదు, స్పారింగ్ (సాధన కోసం తలపడడం) మాత్రమే, అదీ తలకు దెబ్బ లేకుండా. ప్రతి సోమవారం పిల్లలందరి బరువు రిజిస్టరులో రాస్తారు. ఏ పిల్లవాడి బరువైనా వారంలో కిలోకు మించి పడితే ఇంటికి ఫోన్ వస్తుంది. రెయిన్‌కోటు పరుగులు పూర్తిగా మానిపించాడు. ఆడపిల్లల విషయంలో ఏ వారం తూకాన్ని లెక్కలోకి తీసుకోకూడదో తల్లులతో మాట్లాడి తెలుసుకునే పని ఒక పెద్ద విద్యార్థినికి అప్పగించాడు. మా చుట్టుపక్కల ఊళ్లలో నాకు తెలిసి ఇంత శ్రద్ధ పెట్టినవాళ్లు లేరు.

లోపం ఇంకా ఉన్నది కాంటాలో. షాబాద్ బండల నేల మీద, ఒక కాలు ఎత్తుగా నిలిచే చోట ఆ యంత్రాన్ని పెట్టారు. మా దుకాణంలోని ముద్ర వేసిన 20 కిలోల తూకపు రాయి తీసుకువెళ్లి పెట్టి చూస్తే 20.3 చూపింది. రెండడుగులు జరిపి పెడితే 20.1. మిరపకు కాంటా పెట్టుకున్న నేను ఏటా ప్రభుత్వ ముద్ర వేయించుకోవాలి, లేకపోతే జరిమానా. పిల్లల ఒంటిని తూచే యంత్రానికి మాత్రం ఎవరూ ముద్ర అడగరు. వంద గ్రాములకు ఒలింపిక్ పతకం పోయిన దేశంలో మూడు వందల గ్రాముల తేడాను తేలికగా తీసుకోకూడదు. రాయిని అక్కడే వదిలి వచ్చాను, తూకం వేసే ప్రతిసారీ ముందు దాన్ని పెట్టి చూస్తున్నారు. అయినా యంత్రం మార్చాలి. ఆరు నెలలుగా అడుగుతున్నాను, ఇంకా మార్చలేదు.

నీళ్ల సంగతి కూడా చెప్పాలి. మునుపు శిక్షణ తరువాత పిల్లలు ఎదురుగా ఉన్న దుకాణంలో రంగు రంగుల తీపి సీసాలు కొనుక్కునేవారు, వాటి మీద ఓఆర్ఎస్ అని రాసి ఉండేది. 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పదాన్ని అలాంటి పానీయాల మీద వాడకూడదని ఆదేశించింది. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి చేసిన పోరాటం దాని వెనుక ఉంది. మా శిక్షకుడు అంతకు ముందే ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ముద్రించిన అసలైన ఓఆర్ఎస్ పొట్లాలు తెప్పించి పెట్టాడు: లీటరు నీటికి ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, సిట్రేట్ 2.9. మే నెలలో మా దగ్గర ఎండ 43 డిగ్రీలు దాటుతుంది, అప్పుడు ఎక్కువ చెమట పట్టిన పిల్లలకు కలిపి ఇస్తారు. మిగతా రోజుల్లో కుండలో నీళ్లు, ఇంటి నుంచి తెచ్చుకున్న మజ్జిగ.

ఇక మిగతా వివరాలు. ఫీజు నెలకు 500 రూపాయలు, ఆడపిల్లలకు 300. ఉదయం ఐదున్నర నుంచి ఏడున్నర దాకా, సాయంత్రం మరో గంటన్నర. రింగు పరుపు ఒక మూల కుంగింది, తాళ్లు బాగున్నాయి. గ్లోవ్స్ కేంద్రంవే వాడవచ్చు కానీ చెమట వాసన భరించడం కష్టం, సొంతవి కొనుక్కోవడం మంచిది. హెడ్‌గార్డ్ తప్పనిసరిగా సొంతది ఉండాలి. ఆడపిల్లలు బట్టలు మార్చుకోవడానికి గది ఉంది, తలుపు గడియ సరిగా పడదు. మహిళా శిక్షకురాలు లేరు. పరీక్షల నెలలో ఫీజు అడగరు. మరాఠీ, తెలుగు రెండూ నడుస్తాయి.

పోయిన నెల మా అమ్మాయి 55.4 తూగింది. ఒక ఊరివాళ్లు 54 దగ్గర జోడీ అడిగితే, శిక్షకుడు నన్ను అడగకుండానే వద్దని చెప్పి, రిజిస్టరులో ఆమె పేరు ఎదురుగా 57 అని రాశాడు. ఆ పూట ఇంటికి వచ్చి మా అమ్మాయి రెండోసారి అన్నం పెట్టించుకుంది. మా ఆవిడ పప్పులో నెయ్యి వేస్తూ నా వైపు చూసింది, నేను ఏమీ అనలేదు.